పగలు అర ట్యాంకు, రాత్రి పావు ట్యాంకు: ఆరేళ్ళుగా నా దగ్గరున్న మల్టీమీటరు

2019లో రాజమహేంద్రవరంలో ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణంలో ఆరు వందల యాభై రూపాయలు పెట్టి వోల్టులు, కరెంటు, నిరోధం కొలిచే ఈ డిజిటల్ మల్టీమీటరు కొన్నాను. పసుపుపచ్చ రబ్బరు తొడుగు, మధ్యలో తిప్పే మీట, కొలిచేచోట ఆనించే ఎరుపు నలుపు ప్రోబులు, లోపల తొమ్మిది వోల్టుల చదరపు బ్యాటరీ. కంపెనీ పేరు రాయడం లేదు; ఇదే సరుకును నాలుగైదు పేర్లతో అమ్ముతున్నారు. మొదటి మూడేళ్ళూ దీనితో నేను చేసిన ఘనకార్యం రిమోటు సెల్లుల్లో ప్రాణం ఉందో లేదో చూడడం ఒక్కటే. దీని విలువ తెలిసింది మా కారు పెట్రోలు ముల్లు అబద్ధాలాడడం మొదలుపెట్టాకే. అందుకని ఈ సమీక్షలో సగానికి పైగా ఆ ముల్లు గొడవే ఉంటుంది.

మాది రాజోలు వైపు. 35 లీటర్ల ట్యాంకున్న చిన్న పెట్రోలు కారు. 2023 వేసవిలో ఒకనాడు భీమవరంలో పెళ్ళి చూసుకుని సాయంత్రం బయలుదేరాం. అప్పుడు సరిగ్గా సగం గీత మీదున్న ముల్లు, చీకటిపడి లైట్లు వేశాక చూస్తుండగానే పావుకు దిగింది. మా ఆవిడ వాసన వస్తోందేమో చూడమంది, ట్యాంకు కారుతోందని ఆమె భయం. పాలకొల్లులో బంకు దగ్గర ఆపి ట్యాంకు నింపమంటే పద్దెనిమిది లీటర్లకే ఆగిపోయింది. అంటే లోపల సగం నిజంగానే ఉంది. చించినాడ వంతెన దాటి ఇల్లు చేరేసరికి, నిండు ట్యాంకుకు ముల్లు ముప్పావు చూపిస్తోంది. తెల్లారి లైట్లు లేకుండా తాళం తిప్పితే బుద్ధిగా నిండుగా నిలబడింది.

ఇక్కడే నాకు అర్థం కావాలి. కాలేదు. మెకానిక్ దగ్గరకు తీసుకెళ్ళాను. అతను మూత కూడా తెరవకుండానే, "ఫ్లోటు పోయిందండి. ఇప్పుడు పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారు కదా, అది తినేస్తోంది" అన్నాడు. కొత్త ఫ్లోటుకు, కూలికి కలిపి రెండు వేల తొమ్మిది వందలయింది. ఆ పూటంతా ముల్లు బాగానే ఉంది, ఎందుకంటే అది పగలు. రాత్రి మళ్ళీ అదే కథ. ఈసారి, "అయితే డాష్‌బోర్డులో మీటరే మార్చాలండి, పదకొండు వేల దాకా అవుతుంది" అన్నాడు. ఆ మాటతో ఇంటికొచ్చి అల్మరాలోంచి మల్టీమీటరు తీశాను.

పెట్రోలు ముల్లు పనిచేసే తీరు ఒక్కసారి చెబుతాను. ట్యాంకు లోపల ఒక తేలుడు బుడ్డి, దానికో కడ్డీ ఉంటాయి; మెకానిక్ ఫ్లోటు అన్నది దీన్నే. పెట్రోలు మట్టాన్ని బట్టి కడ్డీ పైకీ కిందకీ ఊగుతూ కరెంటును అడ్డుకునే ఒక నిరోధం పట్టీ మీద రాసుకుంటూ తిరుగుతుంది. ఓమ్‌లలో కొలిచే ఆ నిరోధాన్ని బట్టి ముల్లు నిలబడుతుంది. మా కారులో నిండుగా ఉంటే నిరోధం తక్కువ, ఖాళీ అయితే ఎక్కువ. కొన్ని కార్లలో దీనికి సరిగ్గా తలకిందులు, కాబట్టి నా అంకెలు మీ కారుకు వర్తించవు.

ముందు జాగ్రత్త చెప్పి తీరాలి. ఫ్లోటును అందుకునే మూత ఉన్నది వెనక సీటు కింద, దాని కింద ఉన్నది పెట్రోలు. ట్యాంకు సగానికి తక్కువున్నప్పుడు, తలుపులన్నీ బార్లా తీసి, ఆరుబయట పెట్టుకుని మొదలుపెట్టాను. ఫ్లోటు తీగల కనెక్టరు ఊడదీసేటప్పుడు బ్యాటరీ నెగటివ్ తీగ తీసి ఉంచాను. చుట్ట కాలుస్తూ చూడడానికొచ్చిన మా పెదనాన్నగారిని కాలవ గట్టు దాకా పంపించాల్సి వచ్చింది.

మొదటి పరీక్ష: కనెక్టరు ఊడదీసి, బ్యాటరీ తీగ మళ్ళీ తగిలించి తాళం తిప్పితే ముల్లు ఖాళీకి పడింది. ఫ్లోటు తీగకూ, ఎర్తుకూ (కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్ళే దారి) మధ్య ఇరవై రెండు ఓమ్‌ల రెసిస్టరు పెడితే నిండుకు లేచింది. నేరుగా తీగలు కలిపేయమని కొందరు చెబుతారు. కొత్త కార్లలో కంప్యూటరు ఉంటుంది కాబట్టి నేనా సాహసం చేయలేదు. దీనితో డాష్‌బోర్డు మీటరూ, అక్కడి నుంచి వెనక్కొచ్చే తీగా బాగున్నాయని తేలింది. పదకొండు వేలు మిగిలాయి. మెకానిక్ తిరిగిచ్చిన పాత ఫ్లోటును కూడా అరుగు మీద పెట్టి కొలిచాను. కడ్డీ కిందనుంటే 240 ఓమ్‌ల చిల్లర, పైకెత్తితే 15. మధ్యలో ఎక్కడా తెగలేదు. రెండు వేల తొమ్మిది వందలు పెట్టి నేను మార్పించుకున్నది బంగారంలాంటి ఫ్లోటును.

మిగిలింది ఎర్తు. ఫ్లోటు ఎర్తు పిన్నుకూ, సీటు బిగించిన బోల్టుకూ మధ్య ఓమ్‌లు కొలిస్తే 0.9 వచ్చింది. ప్రోబులు రెండూ ఒకదానికొకటి తాకిస్తేనే మా మీటరు 0.4 చూపిస్తుంది. అది తీసేస్తే అర ఓమ్. రెండు వందల నలభై ఓమ్‌ల లెక్కలో అర ఓమ్ ఏపాటిదిలే అని వదిలేశాను. ఆ తప్పుతో ఒక వారం పోయింది.

ఆ అర ఓమ్ గుండా ఫ్లోటు కరెంటు ఒక్కటే పోతే నా లెక్క సరైనదే. కానీ వెనక లైట్ల కరెంటు కూడా అదే ఎర్తు గుండా పోతోంది, దాంతో అక్కడ పెరిగే వోల్టులను ముల్లు ఎక్కువ నిరోధంగా, అంటే తక్కువ పెట్రోలుగా చూపిస్తోంది. ఈ సంగతి నాకు సఖినేటిపల్లి రేవులో తట్టింది. నరసాపురం వెళ్ళడానికి పంటు కోసం వరుసలో నిలబడ్డాం. ఏమీ తోచక బ్రేకు తొక్కిపట్టి ముల్లును చూస్తున్నాను. పది లెక్కపెట్టేలోగా అది మెల్లగా దిగింది. కాలు తీస్తే మెల్లగా లేచింది. వెనకున్న లారీ డ్రైవరు నా బ్రేకు లైట్ల ఆట చూసి ఏమనుకున్నాడో గానీ, నాకు మాత్రం పంటు ఎక్కకుండానే అవతలి ఒడ్డు కనిపించింది.

ఇంటికొచ్చి ఈసారి ఓమ్‌లు కాదు, వోల్టులు కొలిచాను. మీటరు నల్ల ప్రోబు ముందున్న బ్యాటరీ నెగటివ్‌కు చేరాలి కదా, ప్రోబు తీగ మూరెడే. కొబ్బరితోటలో మోటారుకు వాడగా మిగిలిన వైరు ముక్క కలిపాను. ఎరుపు ప్రోబు కనెక్టరు వెనక నుంచి ఎర్తు పిన్నుకు. లైట్లు లేనప్పుడు దాదాపు సున్నా. వెనక లైట్లు వేస్తే 0.6 వోల్టులు. బ్రేకు కూడా తొక్కమంటే 2 వోల్టులు దాటింది. బాగున్న ఎర్తు మీద వోల్టులో పదో వంతు దాటకూడదు. ఓమ్‌లు కొలిచేటప్పుడు మీటరు పంపేది చీమంత కరెంటు. బ్రేకు దీపాలు లాగేది మూడు ఆంపియర్లకు పైన. బరువు మోపితేగాని కుళ్ళిన దూలం బయటపడదు.

డిక్కీలో ఎడమ మూల తివాచీ ఎత్తితే దొంగ దొరికాడు. లైట్ల ఎర్తు, ఫ్లోటు ఎర్తు రెండూ ఒకే బోల్టుకు బిగించి ఉన్నాయి, అది తుప్పుతో ఎర్రమట్టి గడ్డలా ఉంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటిన వరదలో కారు రెండు రోజులు డిక్కీ అడుగు దాకా నీళ్ళలో నిలబడింది. సీట్లు ఎండబెట్టాం, ఆయిలు మార్చాం, ఈ మూలను ఎవరూ చూడలేదు. ఉప్పుగాలి మిగతా పని పూర్తిచేసింది. గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, తీగల చివరలకు బోల్టు కింద బిగించే కొత్త లగ్గులు వేసి, కొత్త బోల్టు బిగించి, పైన వేజలైను పూశాను. ఖర్చు నలభై రూపాయలు. బ్రేకు తొక్కితే 0.04 వోల్టులు. అప్పటి నుంచి రాత్రీ పగలూ ముల్లు ఒకే మాట మీద ఉంది.

ఇక మల్టీమీటరు సంగతి. డీసీ వోల్టుల్లో దీనికి వంక పెట్టలేను. తీగ తెగిందో లేదో చెప్పే బీప్ ఒక క్షణం ఆలస్యంగా మోగుతుంది, చిరాకే. అంకెలు నిదానంగా మారతాయి కాబట్టి, ఫ్లోటు కడ్డీని ఎత్తేటప్పుడు పట్టీ మీద చిన్న గీత పడి ఉంటే ఇది పట్టుకోలేకపోవచ్చు. ఆ పనికి ముల్లున్న పాతకాలపు మల్టీమీటరే మేలు. పది ఆంపియర్ల రంధ్రంలో పెట్టాల్సిన ప్రోబు పక్క రంధ్రంలో పెట్టి ఒకసారి ఫ్యూజు కాల్చుకున్నాను, తప్పు నాదే. కానీ ఫ్యూజు మార్చాలంటే మీటరు మొత్తం విప్పాలి, అది మాత్రం తయారుచేసినవాళ్ళ తప్పు. మూడో ఏడు తిరిగేసరికి ప్రోబు తీగల తొడుగు మొదట్లో పగిలింది. మూడు ఫేజుల మోటారు స్టార్టరు మీద దీన్ని పెట్టను. పైన ఎన్ని వోల్టులని అచ్చువేసినా ఈ ధర మీటరుకు నా ప్రాణం అప్పగించలేను.

అన్నిటికన్నా పెద్ద లోపం, దీని బ్యాటరీ తగ్గిపోతే అంకెలు ఎక్కువ చూపిస్తుంది. కిందటేడు ఇంజను ఆపి ఉన్న కారు బ్యాటరీ 14.6 వోల్టులంది. కొత్తది వేశాక 12.5. బ్యాటరీ బొమ్మ ఒక మూల వెలుగుతుంది గానీ, ఎండలో కళ్ళజోడు పెట్టుకున్నా కనబడదు. ముల్లు అబద్ధం పట్టిన మీటరే అబద్ధమాడితే ఎవరికి చెప్పుకోవాలి? ఇప్పుడు ఏ పని ముందైనా ఒక కొత్త సెల్లు కొలిచి చూసుకుంటున్నాను.

మళ్ళీ కొంటానా అంటే కొంటాను, మంచి ప్రోబుల జతకు మరో రెండు వందలు విడిగా కలిపి. పాత ఫ్లోటు ఇంకా అల్మరాలోనే ఉంది. 240 నుంచి 15 దాకా నున్నగా తిరుగుతోంది. ఆ మోడలు కారున్నవాళ్ళు మా వైపు వస్తే ఊరికే ఇచ్చేస్తాను, ముందు వెనక లైట్ల ఎర్తు కొలుచుకుని వస్తే.