మా గ్యాస్ స్టేషన్ కింద నీళ్లు చూసే కంపెనీకి నేనిచ్చే మార్కులు

అట్లాంటాకు ఉత్తరాన మాదో చిన్న గ్యాస్ స్టేషన్. నేనూ మా బామ్మర్దీ కలిసి నడుపుతున్నాం. పాత ఓనరు ఉన్నప్పుడు భూమిలో పైపు జాయింటు లీకై, కింద నీళ్లలో పెట్రోల్ కలిసింది. ట్యాంకులు మార్చారు, మట్టి తవ్వి తీసుకెళ్లారు. నీళ్లలో కలిసింది మాత్రం అంత తొందరగా పోదు. అందుకే ధర తగ్గింది, అందుకే మేం కొనగలిగాం. ఇప్పుడు మూడు నెలలకోసారి ఒక కంపెనీ వచ్చి ఆరు బావుల్లో నీళ్లు తీసి, ల్యాబులో పరీక్ష చేయించి, రాష్ట్ర పర్యావరణ శాఖకు రిపోర్ట్ పంపుతుంది. రెండేళ్ల నుంచి వాళ్లే. కాంట్రాక్ట్ ఇంకా ఉంది కాబట్టి పేరు రాయను. మార్కులు 5కి మూడున్నర.

బావులంటే మన ఊరి బావులు కావు. రెండంగుళాల ప్లాస్టిక్ పైపు, పైన పార్కింగ్‌లో ఇనుప మూత. వాటి మీదే కార్లు ఆపి జనం లోపలికొచ్చి చిప్స్ కొనుక్కుంటారు.

మామూలుగా వచ్చేది ఒక పెద్దావిడ. యాభై దాటి ఉంటాయి. మోకాళ్ల కింద మెత్త వేసుకుని కూర్చుని, మూత తీసి, ముందు టేపు లాంటి పరికరం దింపుతుంది. అది నీళ్లను తాకితే ఆగి ఆగి కూస్తుంది, పైన పెట్రోల్ తేలుతుంటే ఆగకుండా కూస్తుంది. మొదటిసారి ఆ కూత కోసం నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డా. ఆగి ఆగే కూసింది. తర్వాత సన్నటి ప్లాస్టిక్ చేద వేసి నిలవ నీళ్లు తోడి పారబోస్తుంది, ఊట నీళ్లు వచ్చాకే సీసాలు నింపుతుంది. తోడిన నీళ్లు కూడా డ్రమ్ములోకే, మురిక్కాలవలోకి కాదు. తేటగా ఉన్న బావితో మొదలుపెట్టి, బాగా చెడిన నాలుగో నంబరు బావిని చివరికి ఉంచుతుంది. ఒకదాని మురికి ఇంకోదానికి అంటకూడదు కదా.

సీసా 40 మిల్లీలీటర్లే. నీళ్లు అంచు దాటి ఉబ్బే దాకా నింపి, మూత బిగించి, తలకిందులు చేసి వేలితో కొట్టి చూస్తుంది. ఒక్క బుడగ కనిపించినా ఆ సీసా పక్కన పడేస్తుంది. పెట్రోల్‌లో ఉండే బెంజీన్ అనే విషం గాలిలోకి లేచిపోయే రకం, బుడగ ఉంటే అందులోకి చేరి లెక్క తక్కువ చూపిస్తుందట. అప్పటికప్పుడు ఐసులో పెట్టాలి. "నాలుగు చుక్కల నీళ్లకు 3,400 డాలర్లా బావా?" అని మా బామ్మర్ది గొణుగుతుంటాడు. ఆవిడ పని పక్కన నిలబడి చూసినవాడు ఆ మాట అనడు.

తాగే నీళ్లలో బెంజీన్‌కు ఇక్కడి హద్దు వంద కోట్ల వంతుల్లో 5. మాది నల్గొండ జిల్లా. కంటికి తేటగా కనిపించే నీళ్లు ఎముకలు వంచేస్తాయని చిన్నప్పుడే చూసినవాళ్లం, ఇంత చిన్న అంకె గురించి మాకు ఎవరూ నచ్చజెప్పక్కర్లేదు.

ఇక ఒకటిన్నర మార్కు ఎక్కడ పోయిందంటే, పోయిన చలికాలం ఆవిడకు బదులు ఒక కుర్రాడు వచ్చాడు. రెండు వారాలకు రిపోర్ట్ వస్తే, భూమిలో నీళ్లు మా స్థలంలోకి వచ్చే వైపున్న, ఎప్పుడూ ఏమీ కనపడని ఎగువ బావిలో బెంజీన్ 7 అని ఉంది! అంటే పక్క స్థలం నుంచి వస్తోందా, మా కొత్త ట్యాంకే కారుతోందా? వారం రోజులు నిద్ర లేదు. ఫోన్ చేస్తే మేనేజరు "వానలకు నీటిమట్టం పెరిగింది, పైన మట్టికి అంటుకున్న పెట్రోల్ కరిగి ఉంటుంది" అన్నాడు. నాలుగో బావికైతే ఆ మాట సరే. ఎగువన అసలు లీకే లేదే!

రిపోర్టంతా కూర్చుని చదివా. ల్యాబు నుంచి తేట నీళ్లతో వచ్చి, మూత తీయకుండా తిరిగి ల్యాబుకే వెళ్లే సీసా ఒకటుంటుంది, దారిలో ఏమైనా అంటిందేమో పట్టుకోడానికి. 31వ పేజీలో చూస్తే దాంట్లోనూ బెంజీన్ ఉంది. ఇంత పెద్ద కంపెనీలో ఒక్కరూ ఆ పేజీ చూడలేదు. సీసీ కెమెరా ఫుటేజ్ వెనక్కి తిప్పా. కుర్రాడు రాగానే మా మూడో పంపు దగ్గరే తన ట్రక్కుకు పెట్రోల్ కొట్టించుకుని, ఒక డబ్బా కూడా నింపి, ఐసు పెట్టె పక్కనే పెట్టాడు. చేతి తొడుగులు కూడా మార్చకుండా మొదటి బావి మూత తీశాడు.

ఫుటేజ్ పంపాక మేనేజరు మాట మారింది. మళ్లీ వచ్చి తీశారు, ఎగువ బావిలో ఏమీ లేదు. ఆ బిల్లు కూడా పంపారు! రెండు మెయిళ్లు రాస్తే గానీ రద్దు చేయలేదు. అరమార్కు అందుకే కోశా, మిగతా ఒకటి 31వ పేజీకి.

ఎవరిని పెట్టుకున్నా రిపోర్టులో ఆ మూత తీయని సీసా ఫలితం ముందు చూడండి. రంగుల మ్యాపు తర్వాత చూసుకోవచ్చు.

పోయిన నెల మళ్లీ ఆ కుర్రాడే వచ్చాడు. నేను కౌంటర్ వదిలి బయటే నిలబడ్డా. ఆరు బావులూ అయ్యాయి, ఐసు పెట్టె ముందు సీట్లోకి ఎక్కింది. అప్పుడు నా వైపు ఒక చూపు చూసి, ట్రక్కు తీసుకుని రోడ్డుకు అవతలున్న బంకుకు వెళ్లి పెట్రోల్ కొట్టించుకున్నాడు.