బెంగళూరు నుంచి అనంతపురం దాకా: కుళాయి తిప్పి చూసుకుంటూ

బెంగళూరులో ఉండే తెలుగువాళ్ళు వారాంతానికి కారు తీస్తే మైసూరుకో కూర్గుకో పోతారు. ఉత్తరం వైపు వెళ్ళేది సొంత ఊరికే. అప్పుడు దారిలో ఎవరూ ఆగరు. దసరాకు ముందు నేను, మా ఆవిడ, మా బావ 44వ నంబరు హైవే మీద ఆగుతూ ఆగుతూ అనంతపురం దాకా వెళ్ళొచ్చాం. బావ పుట్టింది పెనుకొండ దగ్గరి రొద్దం వైపు, ఇల్లు కట్టుకుంది బెంగళూరు మారతహళ్ళిలో.

లాడ్జి ఎలా ఉందో నేను పరుపు చూసి చెప్పను, కుళాయి తిప్పి చెబుతాను. 2024 ఎండాకాలంలో మా అపార్ట్‌మెంట్ బోర్లు ఎండిపోయి ట్యాంకర్ కోసం కాచుకున్నప్పుడు పట్టుకున్న అలవాటు ఇది. ఆ మార్చిలో ట్యాంకర్ల ధరలకు ప్రభుత్వమే కళ్ళెం వేయాల్సి వచ్చింది.

మొదట నంది కొండ. ఎత్తు 1,478 మీటర్లు. శని, ఆదివారాల్లో సూర్యోదయం కోసం వెళ్తే సూర్యుడి కంటే ముందు వాహనాల వరుస కనిపిస్తుంది, కాబట్టి మామూలు రోజు వెళ్ళండి. పైన మేము తిన్న చోట ఇడ్లీ చల్లారిపోయింది, ధర మాత్రం చల్లారలేదు. అయినా ఆ కొండ తప్పక ఎక్కాలి. అర్కావతి, పాలారు, దక్షిణ పినాకిని, పెన్న, చిత్రావతి అన్నీ ఈ కొండల వరసలోనే పుట్టాయి. ఒకటి కావేరిలో కలుస్తుంది, రెండు తమిళనాడుకు పోతాయి, పెన్న నెల్లూరు దాటి సముద్రం చేరుతుంది, చిత్రావతి ఆ పెన్నలోనే కలుస్తుంది. ఇన్ని నదులు పుట్టిన చోట ఏడాది పొడవునా పారేది ఒక్కటీ లేదు. ఎత్తైన నేల కదా, పడిన నీరు పడినట్టే కిందికి పోతుంది. అందుకే పాతకాలం వాళ్ళు వాలు పొడవునా చెరువు కింద చెరువు తవ్వించారు.

చిక్కబళ్ళాపురం దాటుతుంటే కొన్ని చెరువులు నిండుగా కనిపించాయి. మా ఆవిడ ఫొటోలు తీస్తుంటే బావ నవ్వాడు, "అవి మన ఫ్లాట్ల నీళ్ళే అక్కా" అని. నిజమే. హెబ్బాళ, నాగవార లోయల మురుగునీటిని శుద్ధి చేసి ఇటు పంపుతున్నారు. కోలారు వైపు ఇంకో పథకం 2018 నుంచి నడుస్తోంది. ఆ నీళ్ళతో కొన్ని చోట్ల బోర్లు మళ్ళీ పలికాయి, కానీ రెండో దశ వరకే శుద్ధి చేస్తున్నారని, మూడో దశ కూడా కావాలని రైతులు అడుగుతూనే ఉన్నారు. నగరం కావేరి నీళ్ళను వంద కిలోమీటర్ల అవతల నుంచి ఎత్తిపోసుకుని, వాడేసినవి పల్లెకు పంపుతోంది. పల్లెకు అవే గతి అయ్యాయి.

బాగేపల్లి కర్ణాటకే అయినా బస్టాండులో వినిపించేదంతా తెలుగు. అక్కడ టీ బాగుంటుంది, టాయిలెట్ గురించి అడగకండి. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర హైవే దిగి ఎడమకు తిరిగితే లేపాక్షి. అక్కడి గుడిలో వేలాడే స్తంభం కింద పంచె దూర్చి చూసేవాళ్ళ రద్దీలో పైకప్పు మీది చిత్రాలు వదిలేయకండి, అసలు సంపద అదే. ఊళ్ళో ఏపీ టూరిజం వాళ్ళ హరిత హోటల్ ఉంది, కుటుంబంతో వెళ్ళేవాళ్ళు అక్కడ దిగడమే సుఖం.

మేము మాత్రం హిందూపురం వెళ్ళి, బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది. కుళాయి తిప్పితే మొదట గాలి, తర్వాత ఎర్రటి నీళ్ళు. కుర్రాడు రెండు బకెట్లు తెచ్చిపెట్టి, "పొద్దున ఆరుకు ట్యాంకర్ వస్తాది సార్, అంతవరకు ఇవే" అన్నాడు. తప్పు అతనిది కాదు, తీసుకున్న అద్దెకు మాత్రం ఆ మాట ముందే చెప్పాల్సింది. తెల్లవారి బండి దగ్గర తిన్న ఉగ్గాని బజ్జికి పదికి పది ఇస్తాను.

మర్నాడు బావ వాళ్ళ చిన్నాయన చేనుకు వెళ్ళాం. హైవే నుంచి చాలా లోపలికి పోవాలి. తారు రోడ్డు మధ్యలో సన్నబడి, గుంతలై, చివరికి మట్టి బాట అయింది. బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. చెరువు కింద నల్ల మడిలో వరి కోసి బోసిగా ఉంది. గుట్ట వార ఎర్రటి గరుగు నేలలో శెనక్కాయ. ఒకే ఊళ్ళో మడి ఉన్నవాడికీ చేను ఉన్నవాడికీ మధ్య రెండు తరాల తేడా కనిపిస్తుంది. చిన్నాయన ఒక మొక్క పీకి నా చేతిలో పెట్టాడు. ఆకు పచ్చగానే ఉంది. కింద నాలుగైదు కాయలు, నొక్కితే రెండు తాలు.

"ఊడలు దిగేప్పుడు నెల దినాలు చుక్క పళ్ళా నాయనా. ఇప్పుడు కురిసి ఏం లాభం?"

ఊడలంటే పూత తర్వాత నేలలోకి దిగి కాయయ్యే కాడలు. ఉమ్మడి అనంతపురం జిల్లాకు సగటున ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం. నైరుతి మబ్బులు పడమటి కనుమల దగ్గరే కురిసి అలిసిపోయి వస్తాయి, ఈశాన్య రుతుపవనాలకు ఇది సముద్రానికి దూరం. దానికి తోడు పలుచటి మన్ను, కింద రాయి. వాన ఆగిన నాలుగు రోజులకే తేమ పోతుంది. చిన్నాయన ఇద్దరు కొడుకులూ బెంగళూరులో బేల్దారి పని చేస్తున్నారు. మా వీధి చివర కొత్త అపార్ట్‌మెంట్ కడుతున్నవాళ్ళలో ఎంతమంది ఇలాంటి చేలు వదిలి వచ్చారో అని అప్పుడు ఆలోచన వచ్చింది. చిన్నమ్మ రాగి సంకటి, ఊరిబిండి పెట్టింది. తాగే నీళ్ళు మాత్రం క్యాన్‌లోవి, బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందట. పాల వ్యాను పక్క ఊరి దాకానే వస్తుంది కాబట్టి గేదెను అమ్మేశారు. సోమరితనం వల్లే పేదరికం అనేవాళ్ళను ఒక్కసారి ఆ బాట మీద పాల క్యాను మోయమనాలి.

తిరిగి హైవే ఎక్కి పెనుకొండ వైపు పోతే కళ్ళు నమ్మవు. ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ, 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. దాని అవసరాలకు గొల్లపల్లి రిజర్వాయరు నీళ్ళు, అంటే శ్రీశైలం డ్యాం వెనుక నుంచి హంద్రీనీవా పథకం ఎత్తిపోసిన కృష్ణమ్మ. అక్కడా వాన అంతే, ఎండా అంతే. కానీ రోడ్డు, రైలు, నీళ్ళు మూడూ ఒక్కచోట కలిశాయి. కొరియన్ అక్షరాల బోర్డులున్న హోటళ్ళు చూసి మా ఆవిడ ఆశ్చర్యపోయింది. అక్కడ గది అద్దె హిందూపురానికి రెట్టింపు చెప్పారు. కుళాయిలో నీళ్ళు ధారగా వచ్చాయి, కాని మేము దిగలేదు.

అనంతపురంలో రాత్రి గడిపాం. వసతి మధ్యస్థం, భోజనం బాగుంది, ఓళిగలు ఇంకా బాగున్నాయి. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న మొదలుపెట్టిన బండ్లపల్లి ఈ జిల్లాలోనే, నార్పల మండలంలో ఉంది. అక్కడికి వెళ్ళడం మాకు వీలు కాలేదు.

మీరు వెళ్తే సెప్టెంబరు, జనవరి మధ్య వెళ్ళండి, ఎండాకాలం వద్దు. కారు లేకపోతే హిందూపురానికి బెంగళూరు నుంచి రైలుంది, అక్కడి నుంచి లేపాక్షికి బస్సులో పోవచ్చు. లోపలి పల్లెలకు మాత్రం సొంత బండి కావాల్సిందే. లాడ్జిలో డబ్బు కట్టే ముందు బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి చూడండి, ఎవరూ ఏమీ అనుకోరు.