విదేశీ పర్యటనల లెక్కలు, బయటపెట్టని నివేదికలు: మంత్రిని ఏ దారిలో అడిగితే మేలు?

పార్లమెంటు ద్వారా మంత్రిత్వ శాఖ నుంచి సమాచారం రాబట్టడానికి రోజువారీగా పనికొచ్చే దారులు రెండు: నక్షత్ర ప్రశ్న (మంత్రి సభలో నోటితో జవాబిచ్చేది), నక్షత్రం లేని ప్రశ్న (రాత జవాబు వచ్చేది). సభ బయట మూడోది సమాచార హక్కు దరఖాస్తు. నక్షత్రానికి గౌరవం ఎక్కువ కాబట్టి అన్నిటికీ అదే కావాలని పట్టుబట్టడం ఎంపీల కార్యాలయాల్లో మామూలే. కానీ కావలసింది అంకెలైతే నక్షత్రం దండగ. బయటపెట్టని నివేదిక గురించైతే నక్షత్రం లేకుండా అడిగి పెద్దగా లాభం లేదు.

ముందు కొలతలు. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర ప్రశ్నలు, 230 నక్షత్రం లేనివి. రాజ్యసభలో నక్షత్ర ప్రశ్నలు 15, నక్షత్రం లేనివి 160. లోక్‌సభలో ఒక సభ్యుడి పేరున ఒక రోజుకు నక్షత్ర ప్రశ్న ఒక్కటే వస్తుంది, అన్నీ కలిపి ఐదుకు మించవు. నోటీసుకు, జవాబు రోజుకు మధ్య పూర్తిగా 15 రోజులుండాలి. ఏది ముందో లాటరీ తేలుస్తుంది. ప్రశ్న 150 మాటల్లో ముగియాలి. నక్షత్ర ప్రశ్నకు మంత్రి లేచి నోటితో జవాబిస్తారు, అడిగిన సభ్యుడికి ఆ జవాబు మీద అక్కడికక్కడే రెండు అనుబంధ ప్రశ్నలకు అవకాశం. నక్షత్రం లేని ప్రశ్నకు రాత జవాబు మాత్రమే. అయితే ప్రశ్నోత్తరాల సమయం ఉన్నది గంటే. జాబితాలో కింద పడ్డ నక్షత్ర ప్రశ్నలకు పిలుపే రాదు, అవీ రాత జవాబులుగానే మిగులుతాయి. సభలో గొడవ జరిగి వాయిదా పడినా అంతే. అంటే నక్షత్రం వచ్చినా అనుబంధ ప్రశ్న దక్కుతుందన్న హామీ లేదు.

ఖర్చుల విషయంలో అసలు చిక్కు వేరు. ప్రశ్న ఎలా రాశారన్నదాన్ని బట్టే అంకె మారిపోతుంది. ప్రధాని విదేశీ పర్యటనల మీద వచ్చిన జవాబులే చూడండి. 2018 డిసెంబరులో వచ్చిన జవాబు: 2014 జూన్ నుంచి విమానాల నిర్వహణకు 1,583.18 కోట్లు, చార్టర్డ్ విమానాలకు 429.25 కోట్లు, హాట్‌లైన్‌కు 9.11 కోట్లు. కలిపితే 2,021 కోట్లు దాటింది. 2020 సెప్టెంబరులో: 2015 నుంచి 58 దేశాల పర్యటనలకు 517.82 కోట్లు. 2023 ఫిబ్రవరిలో: 2019 నుంచి 21 పర్యటనలకు 22.76 కోట్లు. 2025 మార్చిలో: 2022 మే నుంచి 2024 డిసెంబరు దాకా 38 పర్యటనలకు సుమారు 258 కోట్లు. ఈ చివరి జవాబులో 2023 జూన్ నాటి అమెరికా పర్యటన ఒక్కదానికే 22.89 కోట్లు చూపారు. ఒక జవాబులో 21 పర్యటనలకైన మొత్తం, ఇంకో జవాబులో ఒక్క పర్యటనకే అయింది.

ఇవన్నీ ఒకే లెక్కకు నాలుగు జవాబులు అనుకుంటే పప్పులో కాలేసినట్టే. కాలాలు వేరు, చేర్చిన ఖర్చులు వేరు. పర్యటన ఖర్చు ఒకే పద్దులో ఉండదు. మంత్రుల ప్రయాణాలు, ప్రముఖుల ప్రత్యేక విమానాలు మంత్రిమండలి పద్దులో కనిపిస్తాయి. రాయబార కార్యాలయాల ఖర్చు విదేశాంగ శాఖ పద్దులో ఉంటుంది. వైమానిక దళ విమానమైతే దాని నిర్వహణ రక్షణ శాఖది. ‘మొత్తం ఎంత?’ అని అడిగితే, జవాబిచ్చే శాఖ తన పద్దు వరకు చెప్పి ఊరుకోవచ్చు. అందులో అబద్ధమేమీ ఉండదు. 2025 నాటి ప్రశ్న ఖర్చును హోటల్, ప్రవాసుల స్వాగత సభ, రవాణా, ఇతరాలు అని విడదీసి అడిగింది. అందుకే దేశాల వారీ పట్టిక వచ్చింది.

కాబట్టి ఖర్చుల ప్రశ్నను నక్షత్రం లేకుండానే ఈ తీరున రాయడం మేలు:

(అ) ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు జరిగిన పర్యటనలు, దేశం, తేదీలు, ప్రతినిధి బృందంలో ఎందరు. (ఆ) ఒక్కోదానికి విమానం, బస, స్థానిక రవాణా, స్వాగత కార్యక్రమాలు, ఇతర ఖర్చులు విడివిడిగా. (ఇ) వీటిలో మరే శాఖ పద్దు నుంచి చెల్లించినవి ఏవి. (ఈ) ఇంకా చెల్లించాల్సిన బిల్లులు ఎంత?

మూడో భాగమే ప్రాణం. అది లేకపోతే మిగతా మూడూ సగం సమాచారమే తెస్తాయి. తేదీలు మరీ వెనక్కి జరిపినా ఇబ్బందే. పదేళ్ల లెక్క అడిగితే ‘సమాచారం సేకరిస్తున్నారు, సభ ముందు ఉంచుతారు’ అన్న జవాబు వస్తుంది. అలా వస్తే కంగారు పడనక్కర్లేదు. ఆ మాట ప్రభుత్వ హామీ కింద లెక్క. మూడు నెలల్లో నెరవేర్చాలి, లోక్‌సభలో 1953 నుంచి దీనికోసం ప్రత్యేక కమిటీ ఉంది. శాఖలు గడువు పొడిగింపు అడుగుతూనే ఉంటాయనుకోండి. ‘ఈ వివరాలు కేంద్రీకృతంగా నిర్వహించడం లేదు’ అంటే మాత్రం అది హామీ కాదు, అక్కడికి తలుపు మూసేసినట్టే.

నక్షత్రం లేని ప్రశ్నకు ఇంకో బలం ఉంది. 2020 సెప్టెంబరు సమావేశాల్లో ప్రశ్నోత్తరాల సమయాన్నే ఎత్తేశారు, రాత జవాబులు మాత్రం ఆగలేదు. పైన చెప్పిన 517.82 కోట్ల అంకె ఆ సమావేశాల్లో వచ్చిందే.

ఇదే లెక్కకు సమాచార హక్కు దరఖాస్తు పెడితే? రుసుము 10 రూపాయలు, 500 మాటలు, 30 రోజుల గడువు. చూడ్డానికి చవక. కానీ అధికారి తన దగ్గర ఉన్న రూపంలో ఉన్న సమాచారమే ఇస్తారు. దేశదేశాల రాయబార కార్యాలయాల నుంచి తెప్పించి పట్టిక కట్టి ఇమ్మంటే అందుకు సిబ్బంది, వనరులు మరీ ఎక్కువ పడతాయని సెక్షన్ 7(9) చూపించి కాదనవచ్చు. పార్లమెంటు ప్రశ్న అయితే ఆ కూడిక పని శాఖే చేయాలి. ఒక పర్యటనకు సంబంధించిన బిల్లు నకలు, మంజూరు ఉత్తర్వు కావాలంటే మాత్రం దరఖాస్తే సరైనది. సభలో బిల్లుల నకళ్లు ఎవరూ పంచరు.

ఇక నివేదికలు. ఇక్కడ ముందుగా తేల్చుకోవాల్సింది, ఆ నివేదిక ఏ జాతిది అన్నది. 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం కింద వేసిన కమిషన్‌దైతే, సమర్పించిన ఆరు నెలల్లో చర్యల వివరంతో సహా సభ ముందు ఉంచడం ప్రభుత్వ విధి. గడువు దాటితే ‘ఎందుకు ఉంచలేదు?’ అన్న ఒక్క ప్రశ్న చాలు. శాఖ అంతర్గతంగా వేసుకున్న కమిటీకి ఆ బంధనం లేదు. నేరస్తులు, రాజకీయ నాయకుల సంబంధాలపై వోరా కమిటీ 1993 అక్టోబరులో ఇచ్చిన నివేదిక సభ ముందుకు రావడానికి 1995 ఆగస్టు దాకా పట్టింది.

ఇలాంటి నివేదిక మీద రాత ప్రశ్న వేస్తే ‘పరిశీలనలో ఉంది’ అనే ఒక్క ముక్క వస్తుంది. నక్షత్రం ఉంటే మంత్రి నోరు తెరవాలి. లోక్‌సభ నిబంధన 370 పనికొచ్చేది అప్పుడే: ప్రశ్నకు జవాబిస్తూ ఏ అధికారి లేదా సంస్థ ఇచ్చిన సలహానైనా మంత్రి బయటపెడితే, ఆ పత్రాన్నో, సంబంధిత భాగాన్నో, సారాంశాన్నో మామూలుగా సభ ముందు ఉంచాలి. నిబంధన 368 ప్రకారం, సభకు ఇవ్వని ప్రభుత్వ పత్రం నుంచి ఉటంకిస్తే ఆ పత్రాన్ని ఉంచాలి. దీనికి రెండు మినహాయింపులున్నాయి: ప్రజాప్రయోజనానికి భంగమని మంత్రి అనడం, లేదా సారాన్ని సొంత మాటల్లో చెప్పడం. అనుభవమున్న మంత్రులు రెండోదాన్నే వాడతారు, కాగితం చూసి చదవరు.

అందుకే ప్రధాన ప్రశ్నలో ‘నివేదికలో ఏముంది?’ అని రాయకూడదు. మంత్రివర్గ చర్చల వంటి రహస్య విషయాలు అడిగితే ఏ ప్రశ్నలు చెల్లుతాయో చెప్పే నిబంధన 41 కింద ప్రశ్ననే తోసిపుచ్చుతారు. కమిటీ ఎప్పుడు వేశారు, ఎప్పుడు ఇచ్చింది, సిఫార్సులు ఎన్ని, ఎన్ని అంగీకరించారు, ఎన్ని తిరస్కరించారు అని అడగాలి. తిరస్కరించిన వాటికి కారణం మొదటి అనుబంధ ప్రశ్న. కారణం చెప్పాలంటే సిఫార్సు చెప్పక తప్పదు. అది బయటికొచ్చాక రెండో అనుబంధ ప్రశ్న: పత్రం ఎప్పుడు సభ ముందు ఉంచుతారు?

అయినా పత్రం చేతికి వస్తుందన్న భరోసా తక్కువే. పూర్తి పత్రం కోసం సమాచార హక్కే ఎక్కువ మేలు. పశ్చిమ కనుమలపై గాడ్గిల్ కమిటీ 2011 ఆగస్టులో ఇచ్చిన నివేదికను పర్యావరణ శాఖ తొక్కిపెట్టింది. 2012 ఏప్రిల్‌లో కేంద్ర సమాచార కమిషన్ ఇవ్వమంది, మే నెలలో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది, ఆ నెలలోనే అది శాఖ వెబ్‌సైట్‌లోకి వచ్చింది. దరఖాస్తులో సెక్షన్ 10 పేర్కొని, ఇవ్వకూడని భాగాలు తీసేసి మిగతాది ఇమ్మని ముందే రాయడం మంచిది. లేకుంటే ఒక్క పేజీ సాకుతో మొత్తం ఆపేస్తారు. రక్షణ పత్రాలకు మాత్రం ఈ దారీ మూతే. 1962 యుద్ధంపై హెండర్సన్ బ్రూక్స్ నివేదికను 2009లో సమాచార కమిషన్ ఇవ్వనంది, 2010లో రక్షణ మంత్రి ఏ.కె. ఆంటోనీ పార్లమెంటులోనూ అదే చెప్పారు.

సమయం దొరికితే రెండూ కలిపి వాడాలి, వరుస మాత్రం తప్పకూడదు. మొదట నక్షత్ర ప్రశ్నతో నివేదిక ఉందని, ఏ తేదీన అందిందని సభ రికార్డులోకి ఎక్కించాలి. ఆ పేజీని జత చేసి దరఖాస్తు పెడితే ‘అలాంటి పత్రం మా దగ్గర లేదు’ అనే వీలుండదు. తిరగేసి చేస్తే, దరఖాస్తు రెండో అప్పీలులో నెలల తరబడి నలుగుతుండగా సమావేశాలు ముగిసిపోతాయి.