సముద్రపు ఒడ్డున ఇల్లా, పెన్న ఒడ్డున ఇల్లా: ఏది మేలు?

పదవీ విరమణకు దగ్గరపడిన కడప ఉద్యోగుల ఇళ్లలో ఒక ఆలోచన తరచుగా వినబడుతోంది: పట్నంలోని ఇంటిని పిల్లలకు అప్పగించి, నెల్లూరు జిల్లా తీరాన మైపాడు వంటి ఊరికి దగ్గరలో ఏదో ఒక ప్రశాంతమైన పల్లెలో నాలుగైదు సెంట్ల ఇల్లు కొనుక్కుంటే ఎట్లా ఉంటుంది? మా ఇంట్లోనూ ఏడాదిగా ఇదే చర్చ. నా భార్య మనసు సముద్రం మీద ఉంది. నాది సిద్ధవటం దగ్గరి పెన్న ఒడ్డు మీద. విచిత్రమేమంటే సిద్ధవటం కోట పక్కగా సాగే ఆ పెన్నే సోమశిల, నెల్లూరు దాటి ఊటుకూరు వద్ద ఆ సముద్రంలోనే కలుస్తుంది.

ముందుగా ధర. కడప పట్నంలో అడిగే రేటుతో పోలిస్తే తీరపల్లెలో చెప్పే మొత్తం చవకగానే తోస్తుంది, కానీ అక్కడ లెక్క అంకణాల్లో చెబుతారు, మనకు సెంట్ల అలవాటు. అంకణం కొలత ఊరిని బట్టి మారుతుంది కనుక, సెంటుకు 435.6 చదరపు అడుగులని గుర్తుంచుకొని, ఏ బేరమైనా చదరపు అడుగుల్లోకి మార్చుకున్నాకే పోల్చాలి. స్టాంపు, బదిలీ సుంకాలు, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి నూటికి ఏడున్నర రూపాయలు రెండు చోట్లా తప్పవు. గ్రామకంఠం (ఊరి నివాసాలకు కేటాయించిన) స్థలమా, ప్రభుత్వం కేటాయించిన భూమికి ఇచ్చే డీకేటీ పట్టానా, రిజిస్ట్రేషన్‌కు వీల్లేని 22ఏ నిషేధిత జాబితాలో ఉందా అన్న పరిశీలన సిద్ధవటంలోనూ చేయవలసిందే.

తీరంలో మాత్రం దీనికి మరో చట్టం తోడవుతుంది. 2019 నాటి తీరప్రాంత నియంత్రణ ప్రకటన ప్రకారం సముద్రపు పోటు హద్దు నుంచి 500 మీటర్ల వరకు నియంత్రణ ఉంటుంది. గ్రామీణ ప్రాంతంలో జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2,161 మించిన చోట 50 మీటర్లు, అంతకు తక్కువ ఉన్న చోట 200 మీటర్లు కొత్త నిర్మాణాలకు అనుమతి లేని మేర. అంటే వరండాలో కూర్చుంటే అలలు కనబడాలన్న కోరికకూ ఈ నిబంధనకూ నేరుగా పేచీ వస్తుంది. అలలు కనబడనంత వెనక్కి జరిగి కొనేటట్లయితే, అంత దూరం వెళ్లి కొనడమెందుకన్న ప్రశ్నకు నాకు ఇప్పటికీ జవాబు దొరకలేదు.

అసలు ఖర్చు కొన్న తరువాత మొదలవుతుంది. ఉప్పుగాలి కాంక్రీటులోకి చొరబడి ఇనుపకడ్డీని తుప్పు పట్టిస్తే, తుప్పు ఉబ్బి శ్లాబు పెచ్చులుగా ఊడుతుంది. అందుకే కాంక్రీటు కట్టడాలకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 తీరప్రాంతపు గాలికి గురయ్యే కట్టడాలకు ఎం30 కాంక్రీటు (ఎం పక్కన అంకె పెరిగేకొద్దీ గట్టిదనం ఎక్కువ), కడ్డీపైన 45 మిల్లీమీటర్ల మందాన కాంక్రీటు పొర అడుగుతుంది. సాధారణ వాతావరణంలో ఎం20, 20 మిల్లీమీటర్లు చాలు. పల్లెలో పాతికేళ్ల కిందట కట్టిన ఇంటికి ఈ జాగ్రత్త తీసుకున్నారో లేదో రంగు వేసిన గోడను చూసి ఎవరూ చెప్పలేరు. పైగా మనం నెలల తరబడి తాళం వేసి ఉంచితే కిటికీ బందుల నుంచి ఫ్యాను వరకు తుప్పు ఊరుకోదు. ఇక్కడ నల్లటి కడప బండలు పరిచిన ఇల్లు ఊడ్చి తుడిస్తే చాలు.

దైనందిన జీవితంలో సముద్రపు ఒడ్డుకు ఉన్న ఆకర్షణను నేను తక్కువ చేయను. తెల్లవారుజామున పడవలు ఒడ్డు చేరగానే దొరికే చేపల రుచి మన పట్నంలో మంచుపెట్టెల్లోంచి తీసి అమ్మే చేపకు రాదు. అయితే మన వాళ్లు వెళ్లాలనుకునేది మే నెలలో, ఎండ 43, 44 డిగ్రీలకు చేరినప్పుడు. సరిగ్గా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పుతీరంలో మరపడవల వేట నిషేధం. మధ్యాహ్నం సముద్రపు గాలి సేదతీరుస్తుంది గాని ఉక్కపోత విడవదు. రొయ్యల చెరువులు దగ్గరగా ఉంటే బోరునీరు ఉప్పగా ఉండే అవకాశం ఉంది కనుక తాగునీరు ఎక్కడినుంచి వస్తుందో ముందే అడగాలి. పెద్దాసుపత్రి కావాలంటే నెల్లూరు పోవాలి. సిద్ధవటంలో ఉంటే అర్ధరాత్రి గుండె పట్టేసినా కడప చేరడం కష్టం కాదు. అరవై దాటిన మాకు ఇది చిన్న విషయం కాదు.

ప్రమాదం తీరానికే పరిమితమని మాత్రం అనలేను. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచింది. 2021లో అదే నవంబరు 19న పెన్నలో కలిసే చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు, మందపల్లి వంటి మన పల్లెలే కొట్టుకుపోయాయి. కాబట్టి నది ఒడ్డున కొన్నా మిట్టమీదే కొనాలి, ఆ ఏడాది నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఊరి పెద్దలను అడిగి తెలుసుకోవాలి.

ఇన్నీ తూచిన తరువాత నా తీర్పు ఇది: సొంత ఇల్లు పెన్న ఒడ్డున, సముద్రపు ఒడ్డున అద్దె ఇల్లు. ఈశాన్య రుతుపవనాల వానలు, తుపానుల భయం తగ్గి, పడవలు వేటకు పోయే జనవరి నుంచి మార్చి వరకు అక్కడ ఉండవచ్చు. తుప్పు, పన్ను, మరమ్మతు యజమాని చూసుకుంటారు. నా భార్య దీనికి ఒక షరతు మీద ఒప్పుకుంది: ఆ అద్దె ఇల్లు అలల చప్పుడు వినబడేంత దగ్గరలో ఉండాలి.