లినక్స్‌లో సమయం సరిచూసుకోవడానికి టైమ్‌సింక్‌డీ మేలా, క్రోనీ మేలా?

సర్వరు గడియారం ఒకటి రెండు సెకన్లు తప్పినా పైకి ఏమీ కనిపించదు. తేడా నిమిషం దాటితే ముప్ఫై సెకన్లకోసారి మారే ఓటీపీ చెల్లదు, అయిదు నిమిషాలు దాటితే మామూలు అమరికలో ఉన్న కెర్బరోస్ (ఆఫీసు నెట్‌వర్క్‌లో వాడుకరి ఎవరో తేల్చే వ్యవస్థ) లాగిన్‌కు ఒప్పుకోదు.

లినక్స్ రకాలైన డెబియన్ 12లోనూ, 25.10కి ముందరి ఉబుంటులోనూ నెట్‌వర్క్‌లోని సమయ సర్వర్లను అడిగి గడియారాన్ని సరిచేసే పని చూసేది సిస్టమ్‌డీ టైమ్‌సింక్‌డీ. అది ఒకసారికి ఒక్క సమయ సర్వరునే అడిగి, వచ్చిన జవాబును మరొకదానితో పోల్చి చూడకుండా నమ్ముతుంది. ఇతర యంత్రాలకు సమయం చెప్పలేదు. ఇంట్లో వాడుకునే ల్యాప్‌టాప్‌కు ఇంతకు మించి అక్కర లేదు కనుక, దాన్ని తీసేసి మరొకటి పెట్టడం వృథా శ్రమ.

సర్వరు విషయానికి వస్తే నా మొగ్గు ఇదే పని చేసే మరో ప్రోగ్రామ్ క్రోనీ వైపే. అది అనేక సమయ సర్వర్లను అడిగి, మిగతావాటితో పొసగని దాన్ని పక్కన పెడుతుంది. యంత్రంలోని గడియారం ఎంత వేగంగా తప్పుతోందో లెక్కగట్టి ఫైలులో రాసుకుంటుంది కనుక నెట్‌వర్క్ కాసేపు లేకపోయినా తేడా అంతగా పెరగదు. సమయ సర్వరు నిజమైనదేనా అని తేల్చే ఎన్‌టీఎస్ భద్రత 4.0 వెర్షన్ నుంచి ఇందులో ఉంది. మన దేశంలో సైబర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం డేటా సెంటర్లు, కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు ఎన్‌ఐసీ (జాతీయ సమాచార కేంద్రం) లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల సర్వర్లతో గాని, వాటిని అనుసరించే సర్వర్లతో గాని సమయం కలుపుకోవాలి. ఆఫీసులో ఒక యంత్రం అక్కడి నుంచి సమయం తెచ్చుకుని మిగతావాటికి పంచాలంటే టైమ్‌సింక్‌డీతో కుదరదు.

ఇదే పనికి ఒకప్పుడు వాడిన పాత ప్రోగ్రామ్ ఎన్‌టీపీడీని కొత్తగా పెట్టడానికి నాకు కారణం కనిపించదు. రెడ్ హ్యాట్ కంపెనీ తన లినక్స్ 8వ వెర్షన్ నుంచి దాన్ని తొలగించింది. డెబియన్ 12లో ఆ పేరుతో అడిగినా దాని నుంచి పుట్టిన ఎన్‌టీపీసెక్ వస్తుంది.

డెబియన్, ఉబుంటులలో ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే ఆప్ట్ (apt) కమాండ్‌తో క్రోనీ ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేస్తే టైమ్‌సింక్‌డీ దానంతట అదే తొలగిపోతుంది. రెడ్ హ్యాట్, ఫెడోరాలలో అందుకు డీఎన్‌ఎఫ్ (dnf) వాడాలి, అక్కడ సర్వీసు పేరు చివర ‘డీ’ చేరుతుంది. తరువాత క్రోనీసీ సోర్సెస్ (chronyc sources) కమాండ్ ఇచ్చి చూడండి: నక్షత్రం గుర్తున్న వరుసలోనిదే ఎంపికైన సర్వరు. ‘రీచ్’ గడిలో 377 ఉంటే చివరి ఎనిమిది ప్రశ్నలకూ జవాబు వచ్చిందని అర్థం (అది ఎనిమిది ఆధారంగా రాసే ఆక్టల్ సంఖ్య, శాతం కాదు). అన్ని వరుసల్లోనూ సున్నాయే నిలిచిపోతే, ముందుగా ఫైర్‌వాల్‌లో యూడీపీ 123 పోర్టు మూసి ఉందేమో చూడాలి.

ఒక్క అమరిక దగ్గర జాగ్రత్త అవసరం. తేడా ఒక సెకను దాటితే గడియారాన్ని ఒక్కసారిగా జరిపే ‘మేక్‌స్టెప్’ అనుమతి మామూలుగా మొదటి మూడు దిద్దుబాట్లకే ఉంటుంది, ఆ పైన క్రోనీ మెల్లగా సర్దుతుంది. తరచుగా నిలిపి మళ్లీ నడిపే వర్చువల్ మెషీన్లలో ఈ పరిమితి ఎత్తివేయడం ఉపయోగమే కాని, డేటాబేస్ నడుస్తున్న చోట సమయం హఠాత్తుగా వెనక్కి పోతే రికార్డుల క్రమం తారుమారు కావచ్చు కనుక అక్కడ దాన్ని ఉన్నదున్నట్లే వదిలేయాలి.