నాలుగంతస్తుల టబ్బుల్లో బంగాళాదుంప: పై టబ్బుల సంగతి

కాడ ఎంత ఎత్తు పెరిగితే అంత ఎత్తునా దుంపలు ఊరతాయని ఊరించి అమ్మారు, ఒకదాని మీద ఒకటి ఎక్కించే ఈ నాలుగు టబ్బుల సెట్టుని. కొన్నేళ్లుగా వాడుతున్నాను. టబ్బులు గట్టివే, ఎండకు పెళుసెక్కలేదు. నా కోపమల్లా పై టబ్బుల మీదే.

మొదట త్వరగా కోతకొచ్చే యూకాన్ గోల్డ్ రకం వేశాను. కాడ ఎదిగేకొద్దీ ఒక్కో టబ్బు ఎక్కించి మట్టి ఎగదోస్తూ వచ్చాను. తీగ నాలుగో టబ్బు దాటి ఏపుగా పెరిగింది. తవ్వేరోజున పై టబ్బు ఎత్తితే పొడిమట్టి, మధ్యలో నిటారుగా పాలిపోయిన కాడలు, అంతే. మూడోదీ అదే తీరు, రెండోదీ అదే తీరు. అడుగు టబ్బులో మాత్రం విత్తన దుంపకు పైన జానెడు మందాన దుంపలన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉన్నాయి. అంత మట్టి, అంత కంపోస్టు మోసింది దీనికా అనిపించింది.

మట్టిలో ఉన్న కాడ కణుపుల నుంచి తెల్లటి పిలకలు పక్కకు సాగుతాయి, వాటి కొసన దుంప ఊరుతుంది. త్వరగా కోతకొచ్చే రకాలు ఈ పని మొదట్లోనే, దాదాపు ఒకే పొరలో ముగించేస్తాయి. ఆ తర్వాత పైన ఎంత మట్టి పోసినా కాడ పూడుతుందే గానీ దుంప రాదు. ఈ ముక్క పెట్టె మీద ఎక్కడా లేదు!

ఆలస్యంగా వచ్చే రసెట్ బర్బాంక్ వేశాక రెండో టబ్బులోనూ దుంపలు కనిపించాయి. అప్పట్లో తెగ మెచ్చుకున్నాను. ఇప్పటికీ మంచి రకమే అంటాను గానీ, రెండో టబ్బులో వచ్చినవి చాలావరకు గోళీకాయలంత, కొన్నిటికి బుడిపెలు. ఈ రకం నీటి తేడాను అస్సలు ఓర్చుకోదు. మధ్యాహ్నానికల్లా పై మట్టి ఎండిపోతుంది, అడుగున మాత్రం చెమ్మ వదలదు. పైగా మట్టి 25 డిగ్రీలు దాటితే దుంప ఊరడం మందగిస్తుంది. నా డాబా మీద ఆ టబ్బులు చేత్తో ముట్టుకోలేనంత కాలేవి.

హాయిగా అనిపించింది సెట్టును విడదీశాకే. రెండేసి టబ్బుల చొప్పున రెండు దొంతరలు పక్కపక్కన పెట్టి, రెండిట్లోనూ యూకాన్ గోల్డే వేశాను. అదే మట్టితో రెండు అడుగు పొరలు దొరికాయి, నీళ్ల టెన్షన్ కూడా తగ్గింది.

నాకు ఎండలు ముదిరేలోగా కోత అయిపోవాలి, రెండు పూటలా నీళ్లు పోసే తీరిక లేదు, అందుకే ఈ లెక్క. చల్లటి చోటు, నాలుగు నెలలు పైబడి ఆగే ఓపిక ఉన్నవాళ్లు ఆలస్యపు రకంతో మూడో టబ్బు పెట్టి చూడొచ్చు. నాలుగోదానికి మాత్రం నేను పూచీ పడను.