పార్ట్ టూ తీయాలంటే కథను రెండుగా కోయాలా, పాత్రకు కొత్త కథ రాయాలా?

ఫిలింనగర్, కృష్ణానగర్ ఆఫీసుల్లో కథ చెప్పడానికి వెళ్తే ఈ రోజుల్లో తప్పకుండా వినబడే ప్రశ్న: "దీనికి పార్ట్ టూ ఉందా?" ఉందని మాటిచ్చే ముందు, ఏ రకం పార్ట్ టూ అన్నది తేల్చుకోవాలి.

ఒకే కథను రెండు సినిమాలుగా తీయడం చాలామందికి తేలిగ్గా కనిపిస్తుంది. నిజానికి అదే కష్టం. మన సినిమాకు ఇంటర్వెల్ ఒకటి, క్లైమాక్స్ ఒకటి కావాలి. అంటే రెండు భాగాలకు నాలుగు గట్టి మలుపులు ఉండాలి. ఒక సినిమాకు సరిపడే కథలో ఉండేవి రెండే. పాత ఇంటర్వెల్‌ను మొదటి భాగం క్లైమాక్స్ చేసేసి, ఖాళీ అయిన రెండు ఇంటర్వెల్స్ దగ్గరా ఫైట్లు పెడతారు. సాగదీశారని జనానికి అక్కడే తెలిసిపోతుంది.

'బాహుబలి' మొదటి భాగం (2015) అనగానే కట్టప్ప ప్రశ్నే గుర్తొస్తుంది. కానీ ఆ ప్రశ్న వేసేసరికి కాలకేయులతో యుద్ధం ముగిసింది, రాజెవరో శివగామి చెప్పేసింది. ఒక కథ పూర్తయిన తృప్తి దక్కింది కాబట్టే జనం 2017 దాకా ఆగారు. అంత పకడ్బందీ కథలోనూ వదులు ఉంది. 2025లో రెండు భాగాలనూ కలిపి 3 గంటల 45 నిమిషాల ఒకే సినిమాగా విడుదల చేసినప్పుడు అవంతిక ప్రేమకథ చాలావరకు పోయింది. కథకు లోటు రాలేదు.

ఇక డబ్బు సంగతి. రెండు భాగాలూ కలిపి షూట్ చేస్తే మొదటిది ఆడకపోయినా రెండోదాని ఖర్చు అప్పటికే అయిపోయి ఉంటుంది. 2019లో ఎన్టీఆర్ జీవితకథ రెండు భాగాలూ జనవరిలో ఒకటి, ఫిబ్రవరిలో ఒకటి వచ్చాయి. మొదటిది నిరాశపరిచాక రెండోదానికి జనం రాలేదు. పోనీ విడిగా తీద్దామంటే సెట్ నిలబెట్టి ఉంచడానికి అద్దె, గడ్డం, జుట్టు కంటిన్యుటీ, కాంబినేషన్ డేట్లు (నటులంతా ఒకేసారి దొరికే రోజులు) అన్నీ తలనొప్పే.

పాత పాత్రకు కొత్త కథ రాస్తే ఈ బాధలు తక్కువ. 'కార్తికేయ' (2014), 'కార్తికేయ 2' (2022) మధ్య ఎనిమిదేళ్లు గడిచాయి. మొదటిది చూడనివాళ్లకూ రెండోది అర్థమైంది. సమాధానం దొరికేదాకా ఊరుకోని కార్తీక్ స్వభావం ఒక్కటే అటు నుంచి ఇటు వచ్చింది. 'డీజే టిల్లు'లో టిల్లు కూడా అంతే. 2024లో 'టిల్లు స్క్వేర్'లో మళ్లీ ఒక అమ్మాయి, మళ్లీ ఒక చిక్కు. అయినా మన హైదరాబాదీ మాట తీరు కోసం జనం వచ్చారు. అదే ఏడాది 'డబుల్ ఇస్మార్ట్' తేలిపోయింది. వేరేవాళ్ల జ్ఞాపకాలు హీరో మెదడులో పెట్టే ఎత్తు 2019లో 'ఇస్మార్ట్ శంకర్' వచ్చినప్పుడు కొత్త, రెండోసారికి పాత. కాబట్టి తిరిగి తేవాల్సింది మనిషిని, ఎత్తును కాదు.

'హిట్' సిరీస్‌ది మూడో దారి. హత్య కేసులు చూసే పోలీసు విభాగం అదే, ఆఫీసర్ మారతాడు: విశ్వక్ సేన్ (2020), అడివి శేష్ (2022), నాని (2025). ఏ హీరో డేట్ల కోసమూ ఆగక్కర్లేదు. అయితే ప్రతిసారీ కొత్త మనిషిని మొదటి ఇరవై నిమిషాల్లోనే జనానికి దగ్గర చేయాలి.

మధ్యస్థ బడ్జెట్ నిర్మాతకు మా సలహా మూడో దారి. కేసుల కథ కాకపోతే రెండోది. కోయక తప్పదనుకుంటే, ముందు రెండు భాగాలకూ విడివిడిగా సీన్ ఆర్డర్ (ఏ సీన్ తర్వాత ఏ సీనో చెప్పే వరుస) రాయండి. మొదటిది మాత్రమే కథ తెలియని ఒకరికి వినిపించండి. "తర్వాతేంటి?" అంటే ముందుకెళ్లొచ్చు. "ఇంకా మొదలవలేదుగా" అంటే అది ఒక సినిమా కథే.

రచయితలు ఒప్పందంలో సీక్వెల్, ప్రీక్వెల్, రీమేక్, వెబ్‌సిరీస్ హక్కులను వేర్వేరుగా రాయించుకోవాలి. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం గడువు రాయకపోతే హక్కుల బదిలీ ఐదేళ్లకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే. పాత్ర ఎనిమిదేళ్ల తర్వాత తిరిగి రావచ్చు. ఆ గడువు ఎంతో సంతకానికి ముందే చూసుకోండి.